ఇరవై అయిదు కార్డులు, లెక్కలొచ్చిన గుర్రం, 53.1 శాతం

వృత్తం, ప్లస్ గుర్తు, అలల గీతలు, చతురస్రం, నక్షత్రం. ఈ ఐదు గుర్తుల్లో ఒక్కోటి ఐదేసి కార్డుల మీద ఉంటుంది. మొత్తం 25 కార్డులు. ఒకరు కట్ట కలిపి ఒక్కో కార్డూ తీసి చూస్తుంటారు, ఇంకొకరు చూడకుండానే అదేమిటో చెప్పాలి. పరీక్ష అంతే. 1930ల్లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ ఈ కార్డులతో వేలకొద్దీ పరీక్షలు జరిపారు. కళ్లూ చెవులూ అక్కర్లేకుండానే మనసు సంగతులు తెలుసుకోగలదని తేల్చారు. గుర్తులు రూపొందించిన సహోద్యోగి పేరు మీద వీటిని జెనర్ కార్డులంటారు.

ఈ కార్డులకు మన విశాఖతో చుట్టరికం ఉంది. రైన్ దగ్గర పనిచేసిన కోనేరు రామకృష్ణారావు 1960ల చివర్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఒక శాఖను నెలకొల్పారు. సైకాలజీతో పాటు పారాసైకాలజీ, అంటే ఇలాంటి అతీంద్రియ శక్తుల మీద పరిశోధన, కూడా ఆ శాఖ పేరులోనే ఉండేది. తర్వాత ఆయన అదే విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు. 1987లో బిహేవియరల్ అండ్ బ్రెయిన్ సైన్సెస్ అనే పేరున్న పత్రిక, ఆయనా జాన్ పామర్ కలిసి రాసిన సమర్థననూ, జేమ్స్ ఆల్‌కాక్ రాసిన విమర్శనూ ఒకే సంచికలో వేసింది.

మనసుతో కార్డు చదవొచ్చా లేదా అన్న వాదన జోలికి ఈ వ్యాసం పోదు. సైకాలజీలో పరిశోధన ఎలా చేస్తారు, అన్ని నియమాలెందుకు అని అడిగేవారికి మాత్రం ఈ కార్డుల కట్టను మించిన పాఠం దొరకదు. కారణం చిన్నదే. అలాంటి శక్తి లేదనుకుంటే, పరీక్షలో కనబడిన ప్రతి విజయమూ పద్ధతిలో ఎక్కడో పడిన చిల్లే. చిల్లు ఎక్కడుందో వెతుకుతూ పోతే సైకాలజీ పద్ధతులన్నీ ఒక్కొక్కటే బయటపడతాయి.

ముందు లెక్క చూద్దాం. ఏ శక్తీ లేకుండా ఊరికే ఊహించినా 25లో సగటున 5 సరిపోతాయి. తొమ్మిది గానీ అంతకన్నా ఎక్కువ గానీ సరిపోయే అవకాశం సుమారు 4.7 శాతం. అంటే వందమంది ఉన్న డిగ్రీ క్లాసులో అందరికీ ఈ పరీక్ష పెడితే, కేవలం అదృష్టం మీదే నలుగురో ఐదుగురో తొమ్మిదో అంతకన్నా ఎక్కువో తెచ్చుకుంటారు. ఒకరిద్దరికి పది కూడా రావచ్చు. సాయంత్రానికల్లా హాస్టల్లో వాళ్లు హీరోలు. "వీడి దగ్గర ఏదో ఉందిరా" అన్న మాట పాకిపోతుంది. వారం తర్వాత ఆ నలుగురినే పిలిచి మళ్లీ పరీక్షిస్తే స్కోరు ఐదు చుట్టూకే దిగిపోతుంది. రైన్ తరహా పరిశోధకులు ఈ తగ్గుదలను గమనించకపోలేదు. కాకపోతే అదీ ఆ శక్తి లక్షణమే, వాడేకొద్దీ అలసిపోతుందన్నారు. గణాంక శాస్త్రం దృష్టిలో ఇందులో శక్తీ లేదు, అలసటా లేదు. అదృష్టవశాత్తూ పైకెక్కినవాళ్లనే ఏరి మళ్లీ కొలిస్తే వాళ్లు సగటు వైపు జారతారు. యూనిట్ టెస్టులో అట్టడుగు మార్కులొచ్చిన పిల్లల్ని తిట్టి, తర్వాతి టెస్టులో మార్కులు పెరిగితే తిట్లు పనిచేశాయనుకునే మాస్టారి లెక్క కూడా ఇదే. తిట్టకపోయినా వాళ్లలో చాలామందికి కొంత పెరిగేవే. ఆ సంగతి తేలాలంటే అంతే తక్కువ మార్కులొచ్చి, తిట్లు తినని ఇంకో గుంపు ఉండాలి. కంట్రోల్ గ్రూపు అనేది అందుకే.

ఇరవైలో ఒకటికన్నా తక్కువ అవకాశం ఉన్నది జరిగితే దాన్ని లెక్కలోకి తీసుకుందాం అనే గీత సైకాలజీలో చాలాకాలంగా ఉంది. పీ విలువ 0.05 కన్నా తక్కువ అనే మాట వెనకున్నది ఇదే. ఈ గీత ప్రకృతి గీసింది కాదు, పని నడవడానికి మనుషులు పెట్టుకున్న ఒప్పందం. పీ విలువ 0.04 వచ్చిందంటే 'నా సిద్ధాంతం 96 శాతం నిజం' అని చదివేవాళ్లు, బాగా చదువుకున్నవాళ్లలోనూ, కోకొల్లలు. దాని అర్థం అది కాదు. అసలు ఏ ప్రభావమూ లేదనుకుంటే, ఇంత తేడా గానీ ఇంకా పెద్ద తేడా గానీ యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం నూటికి నాలుగు అని మాత్రమే.

రైన్ లెక్కల మీద అప్పట్లోనే దుమారం రేగింది. 1937లో అమెరికా గణిత గణాంక శాస్త్రవేత్తల సంస్థ అధ్యక్షుడు ఒక ప్రకటన చేసి ఆ గొడవకు తెర దించారు. గణాంకాల పద్ధతి సరైనదేనని, ఈ ప్రయోగాలను తప్పుపట్టాలంటే వేరే కారణాలు వెతుక్కోవాలని దాని సారాంశం. ఆ వేరే కారణాలకు కరువేమీ లేదు. మొదట్లో వాడిన కొన్ని కార్డులకు వెలుతురు తగిలితే వెనక వైపు నుంచే గుర్తు లీలగా కనిపించేది. కార్డు తీసేవారి ముఖమూ గొంతూ ఎదుటివారికి అందుబాటులో ఉండేవి. చెప్పిన ప్రతిసారీ తప్పో ఒప్పో అక్కడే చెప్పేస్తే ఇంకో చిక్కు. ఒక్కో గుర్తూ ఐదేసి ఉంటుందని తెలుసు కాబట్టి, రమ్మీ అలవాటున్న ఎవరైనా పడిపోయిన ముక్కలు గుర్తుపెట్టుకుని చివరి కార్డులు సులువుగా చెప్పేస్తారు. అందులో అతీంద్రియమేమీ లేదు, కేవలం పేకాట అనుభవం.

ముఖమూ గొంతూ అన్నచోట కాస్త ఆగాలి. రైన్‌కు పాతికేళ్ల ముందే బెర్లిన్‌లో ఒక గుర్రం ఈ పాఠం చెప్పేసింది.

దాని పేరు హాన్స్. యజమాని విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్, రిటైరైన లెక్కల మాస్టారు. మూడూ నాలుగూ కలిపితే ఎంత అని అడిగితే హాన్స్ గిట్టతో ఏడుసార్లు కొట్టేది. భిన్నాలు కూడేది, ఇవాళ తారీఖెంతో చెప్పేది. యజమాని డబ్బు వసూలు చేయడు, మోసం కనబడదు. 1904లో 13 మందితో ఒక కమిటీ వేశారు. మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ స్టుంఫ్ దాన్ని నడిపారు. కమిటీ చూసింది, మోసమేమీ లేదని చెప్పింది. ఆ మాట నిజమే. కానీ మోసం లేనంత మాత్రాన గుర్రానికి లెక్కలొచ్చినట్టు కాదు.

స్టుంఫ్ దగ్గరి యువకుడు ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అసలు పని మొదలుపెట్టాడు. అతను అడిగింది ఒకే ప్రశ్న: ప్రశ్న వేసేవాడికే జవాబు తెలియకపోతే ఏమవుతుంది? అదీ చేసి చూశాడు. జవాబు తెలిసినవాడు అడిగితే హాన్స్ దాదాపు ప్రతిసారీ సరిగ్గా చెప్పేది. తెలియనివాడు అడిగితే లెక్కలన్నీ ఆవిరైపోయేవి. అడిగేవాడు కనబడకుండా గుర్రం కళ్లకు అడ్డం కట్టినా అంతే. ఫుంగ్‌స్ట్ ఇక గుర్రాన్ని వదిలేసి మనుషుల్ని చూడటం మొదలుపెట్టాడు. ప్రశ్న వేశాక అడిగినవాడు గిట్ట వైపు చూస్తూ తల కాస్త వంచుతున్నాడు. దెబ్బల సంఖ్య సరైన చోటికి రాగానే, తనకు తెలియకుండానే, తల వెంట్రుకవాసి పైకి లేస్తోంది. హాన్స్ చదువుతున్నది ఆ కదలికనే. ఆ తర్వాత ఫుంగ్‌స్టే గుర్రం పాత్రలో కూర్చుని, ఎదుటివారు మనసులో అనుకున్న అంకెలను బల్ల మీద వేళ్లతో కొట్టి చూపించాడు. 1907లో అచ్చయిన ఆ పరిశోధన ఇప్పటికీ చదివించే పుస్తకం. ఫాన్ ఓస్టెన్ మాత్రం దీన్ని ఒప్పుకోలేదు. 1909లో చనిపోయేదాకా తన గుర్రానికి లెక్కలొచ్చనే నమ్మాడు.

మందుల పరీక్షల్లో అసలు మందు ఎవరికిచ్చారో, ఉత్త బిళ్ల ఎవరికిచ్చారో రోగికీ తెలియకూడదు, డాక్టరుకీ తెలియకూడదు అనే డబుల్ బ్లైండ్ పద్ధతి ఉంది కదా, దాని అవసరం ఇంత సూటిగా చెప్పే ఉదాహరణ మరొకటి లేదు. సైకాలజీలో ఆ అవసరం ఇంకా ఎక్కువ. రాయిని కొలిస్తే రాయి మనకేసి చూడదు. మనిషిని కొలిస్తే మనిషి కొలిచేవాడి ముఖం చూస్తాడు. ఎలుకలు కూడా దీనికి అతీతం కాదని 1963లో రాబర్ట్ రోసెంథాల్, కెర్మిట్ ఫోడ్ చూపించారు. మామూలు ఎలుకలనే విద్యార్థులకు పంచి, కొందరికి ఇవి తెలివైన సంతతి అనీ, కొందరికి ఇవి మొద్దు సంతతి అనీ చెప్పారు. 'తెలివైన' ఎలుకలు చిక్కుదారి త్వరగా నేర్చుకున్నాయి. తేడా ఎలుకల్లో లేదు, వాటిని పట్టుకున్న చేతుల్లో ఉంది.

ఇక 2011కు రావాలి. సైకాలజీకి అది గడ్డు సంవత్సరం. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పేరు మోసిన ఆచార్యుడు డారిల్ బెమ్, రంగంలో అగ్రశ్రేణి పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. తొమ్మిది ప్రయోగాలు, వెయ్యి మందికి పైగా విద్యార్థులు. అందులో ఒక ప్రయోగం ఇలా ఉంటుంది: కంప్యూటర్ తెర మీద రెండు తెరలు, ఒకదాని వెనక బొమ్మ ఉంటుంది, ఎక్కడుందో చెప్పాలి. కిటుకేమిటంటే, బొమ్మ ఎక్కడ పెట్టాలో కంప్యూటర్ నిర్ణయించేది విద్యార్థి జవాబు చెప్పాకే. కాబట్టి సరైన జవాబులు 50 శాతం రావాలి. శృంగార చిత్రాల విషయంలో 53.1 శాతం వచ్చాయి. మనసు భవిష్యత్తును కాస్త ముందే పసిగడుతోందని వ్యాసం వాదించింది.

మూడు శాతానికే ఇంత గొడవెందుకు అనిపించవచ్చు. గొడవ దయ్యాల గురించి కాదు. బెమ్ వాడిన పద్ధతులు మిగతా సైకాలజిస్టులు రోజూ వాడేవే. అవే గణాంకాలు, అదే 0.05, అదే సమీక్ష ప్రక్రియ. ఈ దారి నమ్మదగినదైతే భవిష్యత్తును ముందే చూడొచ్చని ఒప్పుకోవాలి. ఒప్పుకోలేకపోతే, అదే దారిలో వచ్చిన మిగతా ఫలితాల సంగతేమిటి? ముగ్గురు బ్రిటిష్ పరిశోధకులు బెమ్ ప్రయోగాల్లో ఒకదాన్ని అచ్చం అలాగే మూడుసార్లు చేసి చూస్తే ఏమీ రాలేదు. ఆ వ్యాసాన్ని బెమ్ వ్యాసం వేసిన పత్రికకే పంపితే, చేసిందే మళ్లీ చేసిన పరిశోధనలు తాము వేయమని తిప్పి పంపారు. రోగం ఎక్కడుందో ఆ ఒక్క జవాబులో తెలిసిపోతుంది. కొత్త సంగతి చెబితేనే అచ్చు, పాతది నిజమో కాదో చెబితే అచ్చు లేదు.

అదే ఏడాది సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ అనే ముగ్గురు ఒక చిలిపి పని చేశారు. కొందరు విద్యార్థులకు వయసు మీద పడటం గురించిన ఒక బీటిల్స్ పాట, మరికొందరికి మామూలు సంగీతం వినిపించారు. లెక్కలు వేశారు. పాట విన్నవాళ్ల వయసు ఏడాదిన్నర దాకా తగ్గింది! వయసు తగ్గినట్టు అనిపించడం కాదు, పుట్టినరోజు ప్రకారం వయసే. సగటున ఒక గుంపు 20.1, ఇంకో గుంపు 21.5. పీ విలువ 0.04, గీత దాటేసింది. డేటా అంతా నిజమైనదే, ఒక్క అంకె కూడా కల్పించలేదు.

ఎలా సాధ్యం? వాళ్లే విప్పి చెప్పారు. ఎంతమందిని పరీక్షించాలో ముందుగా నిర్ణయించుకోలేదు. కొందర్ని పరీక్షించడం, ఫలితం చూడటం, రాకపోతే ఇంకొందర్ని పిలవడం. నిజానికి మూడో పాట కూడా ఉంది, దాన్ని వ్యాసంలో చెప్పలేదు. బోలెడు ప్రశ్నలు అడిగారు, పనికొచ్చినవి మాత్రం ఉంచారు. తండ్రి వయసును లెక్కలో సర్దుబాటు చేస్తే ఫలితం వచ్చింది కాబట్టి సర్దుబాటు చేశారు. విడివిడిగా చూస్తే ఇవేవీ నేరాలు కావు, ప్రతి పరిశోధనశాలలోనూ జరిగేవే. మామూలు గుణకారం చాలు: ఏ ప్రభావమూ లేని చోట విడివిడిగా 20 పరీక్షలు చేస్తే, కనీసం ఒక్కటైనా 0.05 గీత దాటే అవకాశం 64 శాతం. ఆ ఒక్కటి మాత్రం అచ్చయి, మిగతా పందొమ్మిదీ సొరుగులో ఉండిపోతే చదివేవాడికి ఏం తెలుస్తుంది? మన రోడ్ల పక్కన చిలక జోస్యం కూడా ఇలాగే బతుకుతుంది. ఫలించిన జోస్యాన్ని ఊరంతా చెప్పుకుంటారు, తప్పిన వాటిని చెప్పిన చిలక కూడా గుర్తుపెట్టుకోదు.

ఆ తర్వాతి నాలుగేళ్లలో పెద్ద లెక్కల పుస్తకమే తెరిచారు. పేరున్న పత్రికల్లో వచ్చిన 100 పరిశోధనలను వందలమంది కలిసి మళ్లీ చేసి, 2015లో సైన్స్ పత్రికలో ఫలితాలు వేశారు. అసలు వ్యాసాల్లో 97 శాతం గీత దాటినవి. మళ్లీ చేస్తే 36 శాతం దాటాయి. ప్రభావాల పరిమాణం సగటున సగానికి పడిపోయింది. మిగతావన్నీ అబద్ధాలని దీని అర్థం కాదు. కొన్నిచోట్ల రెండో ప్రయోగమే సరిగ్గా కుదరకపోయి ఉండవచ్చు. అయినా 97కీ 36కీ మధ్య దూరాన్ని అలా సర్దిచెప్పడం కష్టం.

ప్రీ రిజిస్ట్రేషన్ అనే అలవాటు ఈ దెబ్బతోనే ఊపందుకుంది. ఎంతమందిని తీసుకుంటాం, ఏది కొలుస్తాం, ఏ లెక్క వేస్తాం అన్నది ప్రయోగానికి ముందే రాసి, తేదీ వేసి, అందరికీ కనబడేలా పెట్టేయాలి. గోడ మీద బాణం గుచ్చుకున్నాక దాని చుట్టూ వృత్తం గీసే వీలు ఇక ఉండదు.

దీంతో అంతా బాగుపడిందా అంటే, లేదు. ముందే రాసిపెట్టినంత మాత్రాన ప్రశ్న సరైనదైపోదు. ప్రయోగాలకు దక్కే గ్లామర్ ప్రశ్నావళికి దక్కదు గానీ, మన దగ్గర సైకాలజీ పరిశోధనలో చాలా భాగం నడిచేది దాని మీదే. డిప్రెషన్‌ను అంచనా వేయడానికి చాలా దేశాల్లో వాడే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటుంది. గత రెండు వారాల్లో ఈ ఇబ్బంది ఎన్ని రోజులుందని అడుగుతారు. అసలు లేదు అంటే 0, దాదాపు ప్రతిరోజూ అంటే 3. మొత్తం 27. ఇప్పుడు దాన్ని పట్టుకుని ఒక ఇంటికి వెళ్లినట్టు ఊహించండి. కోడలు గుమ్మంలో కూర్చుంది, అత్తగారు రెండడుగుల దూరంలో బియ్యం ఏరుతోంది. "దిగులుగా, ఏమీ తోచనట్టుగా ఉంటోందా అమ్మా?" అని అడిగితే ఆ అమ్మాయి చెప్పే "అబ్బే, ఏం లేదండీ"కి పట్టికలో సున్నా పడుతుంది. ఆ సున్నా కొలిచింది దిగులునా, బియ్యం చేటనా? అదే అమ్మాయి పీహెచ్‌సీలో నర్సమ్మతో నిద్ర పట్టట్లేదనీ, ఒళ్లంతా లాగేస్తోందనీ, గుండె దడగా ఉందనీ చెబుతుంది. దిగులన్న మాట మాత్రం రాదు.

అనువాదంలో ఇంకో తిరకాసు. ఇంగ్లిష్ ప్రశ్నను తెలుగులోకి మార్చాక, మూలం చూడని మరొకరితో మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్పించి, రెండూ కలుస్తున్నాయో లేదో చూస్తారు. మంచి పద్ధతే. కానీ 'నిరాశా నిస్పృహలకు లోనగుట' అని రాస్తే అది ఇంగ్లిష్‌లోకి చక్కగా తిరిగిపోతుంది, పరీక్ష పాసవుతుంది. అనకాపల్లి సంతలో కూరగాయలమ్మే ఆమెకు మాత్రం అర్థం కాదు. 'టెన్షన్' అని అడిగితే అందరికీ అర్థమవుతుంది. అయితే ఆ మాటలో భయం, కోపం, అప్పుల బెంగ, పెళ్లి హడావిడి అన్నీ ఇమిడిపోతాయి, ఏది కొలిచామో తెలియదు. దీనికి దగ్గరి దారి లేదు. ముందు కొద్దిమందితో తీరిగ్గా కూర్చుని, వాళ్ల బాధను వాళ్లు ఏ మాటల్లో చెబుతారో విని, ఆ మాటలతో ప్రశ్నలు కట్టాలి. గుణాత్మక పరిశోధన అంటే అంకెలు చేతగానివాళ్లు చేసేదని చులకనగా చూసేవాళ్లున్నారు. అది లేకుండా వచ్చిన అంకె దేని అంకె అన్నది వాళ్లే చెప్పాలి.

ఎవరిని అడిగాం అన్నదీ అంతే ముఖ్యం. అమెరికా సైకాలజీ సంఘం ప్రధాన పత్రికలను పరిశీలించి జెఫ్రీ ఆర్నెట్ 2008లో తేల్చినదాని ప్రకారం, పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్లు. ఆ దేశాల జనాభా ప్రపంచంలో 12 శాతం. 'మనుషులు ఇలా ప్రవర్తిస్తారు' అని చదివిన ప్రతిచోటా 'అమెరికన్ కాలేజీ విద్యార్థులు' అని మార్చి చదువుకుంటే చాలాసార్లు సరిపోతుంది.

ప్రయోగం చేయకూడని ప్రశ్నలూ ఉన్నాయి. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ఉంటే పిల్లల మానసిక ఒత్తిడి పెరుగుతుందా? తెలుగు ఇళ్లలో ఏటా జూన్‌లో నలిగే ప్రశ్నే ఇది. హాస్టల్ పిల్లలనూ ఇంటి నుంచి వెళ్లొచ్చేవాళ్లనూ పోల్చి, హాస్టల్లో ఒత్తిడి ఎక్కువని తేలిందనుకుందాం. కారణం హాస్టలేనా? ర్యాంకు మీద గట్టి పట్టుదల ఉన్న తల్లిదండ్రులే ఎక్కువగా హాస్టల్లో వేస్తూ ఉండొచ్చు. అప్పుడు ఒత్తిడి ఇంటి నుంచే పెట్టెలో సర్దుకుని వచ్చినట్టు. పక్కాగా తేలాలంటే నాణెం ఎగరేసి, బొమ్మ పడితే హాస్టల్, బొరుసు పడితే ఇల్లు అని పిల్లల్ని పంచాలి. దానికి ఏ తల్లీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. ఇలాంటిచోట ఏళ్ల తరబడి అవే పిల్లల్ని చేరకముందూ చేరాకా కొలుస్తూ, తేడా ఎప్పుడు మొదలైందో చూడటమే మిగిలిన దారి. నిదానమైన పని, ఖర్చెక్కువ, పేపర్లో హెడ్‌లైన్ రాదు.

అప్పుడప్పుడు వెయ్యి మంది అక్కర్లేదు, ఒక్కడు చాలు. 1953లో అమెరికాలో మూర్ఛ తగ్గించడానికి హెన్రీ మొలైసన్ అనే యువకుడి మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్ భాగాన్ని తీసేశారు. ఆ తర్వాత అతనికి కొత్త జ్ఞాపకాలు నిలవలేదు. బ్రెండా మిల్నర్ అతనికో పని ఇచ్చారు: అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ అంచుల మధ్య గీత గీయాలి. మూడు రోజుల్లో అతని చేయి చక్కగా తిరిగింది. కానీ ప్రతిసారీ ఈ పని ఇదే మొదటిసారి చేస్తున్నానన్నాడు. చేతికి గుర్తుండేది వేరు, మనసుకు గుర్తుండేది వేరు అని చెప్పడానికి ఇందులో పీ విలువ అవసరం పడలేదు. తేడా అంత కొట్టొచ్చినట్టు ఉంది మరి. 53.1కీ 50కీ మధ్య తేడా అలాంటిది కాదు. దానికి లెక్కలు కావాలి, జనం కావాలి, కాపలా కూడా కావాలి.

ఆ కాపలాతో బెమ్ ప్రయోగాన్ని మళ్లీ చేశారు. ఈసారి అతీంద్రియ శక్తిని నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ముందే కలిసి కూర్చుని, ఏ ఫలితం వస్తే ఏమనుకోవాలో ఒప్పందం చేసుకున్నారు. అంతా ముందే రిజిస్టర్ చేశారు. డేటా ఎవరి చేతుల్లోనూ పడకుండా, వచ్చింది వచ్చినట్టే ఆన్‌లైన్‌లోకి వెళ్లిపోయేలా ఏర్పాటు చేశారు. పది ప్రయోగశాలలు, 2,000 మందికి పైగా జనం, 37,000కు పైగా ప్రయత్నాలు. 2023లో ఫలితం అచ్చయింది. రెండు తెరల్లో బొమ్మ ఎక్కడుందో జనం సరిగ్గా చెప్పింది 49.89 శాతం.